రూటరు చొక్కా

2వ తేదీ, సోమవారం

ఆడపడుచు గారి సముఖానికి, వదిన గారు కుట్టుమిషను మీంచి లేవకుండానే రాస్తున్న ఉత్తరం.

చిట్టీ, వచ్చేసిందే! మనింటికి ఇంటర్నెట్ వచ్చేసింది!

పొద్దున్నే కంపెనీ మనిషి నిచ్చెన భుజాన వేసుకుని దిగాడు. యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడుని దారంతో మెడకి కట్టుకున్నాడు. పేరు అడిగేలోపే స్తంభం ఎక్కేశాడు కాబట్టి నేనే ఆయనకి నిచ్చెనాయన అని పేరు పెట్టేశాను. స్తంభం మీంచి తీగ లాగి, ముందు గది కిటికీ పైన కన్నం పొడిచి, గోడ వెంట మేకులు కొట్టుకుంటూ నడవలోకి తెచ్చాడు. రూటరు ఇంటికి నడిమధ్య ఉంటే మంచిదన్నాడు. నడవలో నా గుడ్డల ఇనప్పెట్టె ఉంది కదా, దాని మీద పెట్టించాను. తెల్లటి పెట్టె, పైకి రెండు చెవులు, ముందు నాలుగు లైట్లు. ఎంత ముద్దుగా ఉందో!

నేను కుట్టు గదిలో కూర్చుని, శిక్షణ కేంద్రం వాళ్ళు పంపిన ట్యాబు నొక్కాను. ఎక్కడో ఎవరో చొక్కా కాలరు కత్తిరిస్తున్న వీడియో గబుక్కున వచ్చింది. కత్తెర చప్పుడు కూడా వినిపించింది! మీ అన్నయ్య బస్సు డ్యూటీకి బయల్దేరుతూ తొంగి చూసి, "టికెట్ లేకుండా ఇన్ని ఊళ్ళు తిరగొచ్చన్నమాట" అన్నారు. కండక్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఇక అసలు సంగతి. నువ్వు నాకు చెప్పకుండా నా పేరు మీద ఆ శిక్షణ కేంద్రంలో కుట్టు టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పడేసి, కొండల్లోకి కేబుల్ వెయ్యడానికి ఉడాయించావు. ఆ ప్రిన్సిపాల్ గారు కబురు పెట్టారు. 24వ తేదీ మంగళవారం పదకొండు గంటలకి పరీక్ష క్లాసు. ఇంట్లో కూర్చునే చెప్పాలి. అటుపక్క ముప్ఫై మంది నేర్చుకునేవాళ్ళు, వాళ్ళతోపాటు ప్రిన్సిపాల్ గారు. గంటసేపు మాట తెగకూడదు, బొమ్మ ఆగకూడదు. తెగిందా, ఉద్యోగం మార్కెట్టులో ప్యాంట్లు కుట్టే మేస్త్రీకి పోతుంది.

రెడీమేడ్ కొట్లు వచ్చాక నా మిషను నెలకి పది రోజులు తిరగడం కూడా గగనమైపోయింది, నీకు తెలుసు. కానీ నా ఆశ అది కాదే. ఎనిమిదో తరగతి తప్పినదాన్ని. ఒక్కసారి, ఒక్కరి నోట, టీచరూ అనిపించుకోవాలని ఉంది. నవ్వకు.

నీ గుడారాల దగ్గర ఫోను పలకదు, మన వీధిలో డాబా ఎక్కితే గానీ పలకదు. మీ సరుకుల లారీ మంగళవారం, శుక్రవారం పోతుంది కదా, ఆ డ్రైవరే మన పోస్టుమాను. రేపు ఇస్తాను.

ఒక్కటే లోటు. మన ఇంట్లో మిక్సీకి గౌనుంది, టీవీకి తెరుంది. ఈ కొత్త పిల్ల ఒక్కతే ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చుంది. నా చేయి ఊరుకుంటుందా?

ఆనందంతో సూది దారం కూడా ఎక్కించలేకపోతున్న
నీ వదిన

3వ తేదీ, మంగళవారం

వదినా, ఓ నా బంగారు వదినా!

నీ ఉత్తరం చదివి గుడారం బయటికొచ్చి ఒక్క కేక పెట్టాను. మా మేస్త్రీ పామనుకుని కర్ర పట్టుకొచ్చాడు. మా వదినకి ఇంటర్నెట్ వచ్చిందండీ అంటే, "రోజూ ఊళ్ళకి ఊళ్ళు కలిపేదానివి, ఒక్క ఇంటికి వస్తే ఇంత గోలా?" అన్నాడు. ఆయనకేం తెలుసు?

ఇక్కడ నా పని ఏమిటో ఎప్పుడూ అడుగుతావుగా. కేబుల్ లోపల వెంట్రుక కన్నా సన్నటి గాజు పోగులుంటాయి. రెండు పోగుల కొసలు ఎదురెదురుగా పెట్టి మిషనుతో అతుకుతాను. నీ పనీ అతుకే, నా పనీ అతుకే. నీది కనిపిస్తుంది, నాది కనిపిస్తే మాట పడుతుంది.

ఇప్పుడు జాగ్రత్తగా విను. పక్కింటివాళ్ళు అడిగినా పాస్‌వర్డు ఇవ్వకు. నాలుగు లైట్లూ పచ్చగా ఉంటే కంపెనీ నుంచి వచ్చే లైను బాగున్నట్టు. ఒకటి ఎర్రగా మారితే వాళ్ళని పిలువు. ఏదైనా మొరాయిస్తే స్విచ్చి ఆపి, వంద లెక్కపెట్టి, మళ్ళీ వెయ్యి. సగం జబ్బులు దానికే పోతాయి.

చొక్కా సంగతా? కుట్టు, కుట్టు! గుడ్డ వల్ల సిగ్నలుకి ఏమీ కాదు, దుమ్ము పడకుండా మంచిదే. ఆ రెండు చెవులకి చేతులు కూడా పెట్టు. కాలరు మర్చిపోకు.

టీచరుగారి ఆడపడుచు (ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నాను)
చిట్టి

9వ తేదీ, సోమవారం

చిట్టీ,

ఇక్కడ అందరం కులాసా, రూటరు తప్ప.

నువ్వు చెప్పినట్టే చొక్కా గురువారం మధ్యాహ్నానికి పూర్తి చేశాను. చెవులకి చేతులు, మెడకి కాలరు, లైట్లు కనపడ్డానికి ముందువైపు నాలుగు కాజాలు. కొలతకి కొలత, పెట్టె అంచుల దాకా బిగువుగా దిగింది. ఇస్త్రీ బల్ల కోసం తెచ్చిన గుడ్డ కాస్తా దానికే అయిపోయింది, పోనీలే. మీ అన్నయ్యకి పెళ్ళిలో కూడా అంత నప్పిన చొక్కా లేదు.

అంత ముచ్చటా తీరిందో లేదో, ఆ సాయంత్రమే ట్యాబులో బొమ్మ ఆగిపోయింది. గుండ్రంగా ఒక చక్రం తిరుగుతుంది, తిరుగుతుంది, నా కళ్ళు తిరగడమే తప్ప ఏమీ రాదు. లైట్లు చూస్తే నాలుగూ పచ్చగానే ఉన్నాయి. స్విచ్చి ఆపి వంద లెక్కపెట్టాను. తప్పు లెక్కపెట్టానేమోనని ఇంకో వంద. ఊహూ.

శుక్రవారం నిచ్చెనాయన వచ్చాడు. ఆయన చేతులకి ఎప్పుడూ నల్లటి నూనె మడ్డి, అందుకని గేటు చప్పుడవగానే చొక్కా విప్పి బీరువాలో దాచేశాను. ఆయన రూటరుని అటు తిప్పి ఇటు తిప్పి, తన ఫోనులో చూసి, "బ్రహ్మాండంగా వస్తోంది కదమ్మా" అన్నాడు. నిజంగానే వస్తోంది! కుట్టు గదిలోకి పరిగెత్తి చూశాను, కాలరు వీడియో చకచకా నడుస్తోంది. టీ ఇచ్చి పంపించాను. ఆయన వెళ్ళాక నడవ సర్దుకుని, పిల్లకి చొక్కా తొడిగి, వచ్చి కూర్చుంటే మళ్ళీ చక్రం!

ఇవాళ మళ్ళీ పిలిచాను. మళ్ళీ అదే కథ. ఆయన ఉన్నంతసేపూ లేడిపిల్లలా గెంతుతుంది, గుమ్మం దాటగానే చచ్చినట్టు పడుంటుంది. ఆయన నన్ను చూసిన చూపు ఎలా ఉందంటే, పని లేని ఆడది కాలక్షేపానికి పిలుస్తోంది అన్నట్టుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంక పదిహేను రోజులే ఉంది. నాకు దిగులుగా ఉందే. నువ్వు ఆ పనిలో పుట్టి పెరిగినదానివి, ఏదో ఒకటి చెప్పు.

చక్రం చూసి చూసి కళ్ళు పోయిన
వదిన

10వ తేదీ, మంగళవారం

వదినా,

దిగులు పడకు. రోగం దొరికింది!

మనిషి ఉన్నప్పుడు పని చేసి, వెళ్ళాక ఆగిపోతోందంటే అది వదులు అతుకే. నా అనుభవం మీద చెప్తున్నాను, ఇంకేమీ కాదు. ఆయన నిచ్చెన ఎక్కి తీగ కదిలిస్తాడు, అతుకు కాసేపు అంటుకుంటుంది. దిగి వెళ్ళాక గాలికి ఊగి ఊడుతుంది. ఇలాంటి అతుకు నేను వేస్తే మా మేస్త్రీ నన్ను ఆ కేబుల్‌కే కట్టేసేవాడు. స్తంభం మీది పెట్టె విప్పించి, పాత అతుకు కోయించి, కొత్తది వేయించు. కుదరదంటే తీగే మార్పించు.

మెత్తగా అడిగితే వినరు. ఈ కాగితం వెనక ఫిర్యాదు రాసి పెట్టాను, నీ చేత్తో ఎక్కించి వాళ్ళ ఆఫీసులో ఇచ్చి రా. ఒక్క ముక్క తగ్గించకు. ముఖ్యంగా ఆ చివరి వాక్యం: "మీ మనిషికి పని రాదు, లేదా చెయ్యాలని లేదు." నేను ఈ వృత్తిలో ఉండి రాస్తున్నాను, నాకు హక్కుంది.

చొక్కాకి కాజాలు కూడా పెట్టావా! నవ్వలేక చచ్చాను. జేబు ఎందుకు మానేశావు?

నీ పక్షాన కత్తి దూసిన
చిట్టి

16వ తేదీ, సోమవారం

చిట్టీ,

ఫిర్యాదు ఇచ్చేశాను. ఆఫీసులో పెద్ద బల్ల, దాని వెనక గుమాస్తా, ఆవిడ ముందు ఫారాల కట్ట. నీ ఉత్తరంలో ముక్కలన్నీ దించేశాను. చివరి వాక్యం రాస్తుంటే భలే హాయిగా అనిపించింది సుమా.

ఆ ఫారంలో పేరు, వీధి, వృత్తి అని గళ్ళున్నాయి. వృత్తి దగ్గరికొచ్చేసరికి నా కలం ఆగిపోయింది. కుట్టుపని అని రాద్దామంటే మిషను తిరగడం లేదు. టీచరు అని రాద్దామంటే ఇంకా కాలేదు. వెనకాల లైనులో ఉన్నాయన దగ్గుతున్నాడు. ఒక అడ్డగీత గీసి ఇచ్చేశాను. ఇంటికొచ్చాక కూడా ఆ గీతే కళ్ళ ముందు ఆడింది.

నిచ్చెనాయన మూడోసారి వచ్చాడు. కొత్త అతుకు వేశాడు, తీగ మొత్తం మార్చాడు, మళ్ళీ గోడ వెంట మేకులు కొట్టాడు. పని చేసింది. టీ ఇచ్చాను. తాగకుండా వెళ్ళిపోయాడు. చొక్కా తొడిగి, కుట్టు గదిలో కాలు పెట్టానో లేదో, చక్రం!

ఇంట్లో ఇప్పుడు రెండు సిద్ధాంతాలు. మీ అన్నయ్య సిద్ధాంతం ఏమిటంటే, ఇంటర్నెట్ కూడా బస్సులాంటిదే, ఇన్‌స్పెక్టరు ఎక్కితే బుద్ధిగా నడుస్తుంది. నా సిద్ధాంతం వేరు. ఆ నిచ్చెనాయన సంచిలో ఏదో ఉంది. చిన్న మిషనేదో పట్టుకు తిరుగుతున్నాడు, అది ఉంటేనే పని చేస్తుంది. అందుకని నేనొక నిర్ణయానికి వచ్చాను. 24న ఆయన్ని సంచితో సహా ఇంట్లో కూర్చోబెడతాను. క్లాసయ్యేదాకా గుమ్మం దాటనివ్వను. బతిమాలతాను, కాదంటే నిచ్చెన దాచేస్తాను.

ప్రిన్సిపాల్ గారు నిన్న డాబా మీద ఫోనుకి దొరికారు. "లైను ఖాయమేనా? ఆ ప్యాంట్ల మేస్త్రీగారు కూడా సిద్ధంగా ఉన్నారు" అన్నారు. ఖాయమండీ అన్నాను. ఇన్నేళ్ళు ఈ చేతులతో ఊరందరికీ చొక్కాలు కుట్టాను, ఒక్కరికైనా ఈ చేతులు ఎలా పని చేస్తాయో చెప్పే అవకాశం రాలేదే. ఇప్పుడు వచ్చింది, ఒక చక్రం అడ్డొస్తోంది.

నీ మాట మీదే నడుస్తున్నాను.

నిచ్చెన దొంగ కాబోతున్న
వదిన

17వ తేదీ, మంగళవారం

వదినా,

దాచెయ్! నిచ్చెనే కాదు, చెప్పులు కూడా దాచెయ్.

అతుకు మార్చినా, తీగ మార్చినా అదే వరసంటే నాకూ బుర్ర పని చెయ్యడం లేదు. ఆ సంచి అనుమానం వట్టిదేలే, కానీ ఆయన దగ్గరుంటే మంచిదే. ఆగిపోయిన క్షణంలోనే చూస్తాడు, అప్పుడు తప్పించుకోలేడు. నువ్వు మాత్రం పాఠం మీద మనసు పెట్టు. మూలలు తిప్పడమే చెప్పు, గుడ్డ తిరగేసినప్పుడు మూల మొన తేలేలా. దిండు గలీబు మూల నువ్వు తిప్పినట్టు ఈ భూమ్మీద ఎవరూ తిప్పలేరు. అది నేను ఒట్టేసి చెప్తాను.

నాదో చిన్న కోరిక. ఇక్కడ దుమ్ము ఆకాశానికి అంటుతోంది. స్తంభానికీ స్తంభానికీ మధ్య మాట్లాడుకోడానికి మాకు చేతి రేడియోలు ఇచ్చారు, నా దానిలో దుమ్ము దూరి గరగరమంటోంది. మీ పిల్ల చొక్కాకి ఒక తమ్ముణ్ణి కుట్టి పంపవూ? అరచేతి వెడల్పు, జానెడు పొడుగు.

ధైర్యంగా ఉండు. వందసార్లు చెప్తున్నాను, ఉద్యోగం నీదే.

చిట్టి

19వ తేదీ, గురువారం

చిట్టీ,

ఇదిగో తమ్ముడు. రూటరు చొక్కా గుడ్డే, నీ కోసం మళ్ళీ బజారుకెళ్ళి తెచ్చాను. ఇస్త్రీ బల్ల మీద పరిచే వెండిరంగు గుడ్డ ఉంటుంది చూడు, వేడి దాటనివ్వదు, దుమ్ము దాటనివ్వదు. రెండు పొరలు వేశాను. పైన మూత, దానికి ప్రెస్ బటను. ఇంక నీ రేడియోకి పిడుగు పడినా ఏమీ కాదు.

నిచ్చెనాయన దగ్గరికి వెళ్ళి, ఆ రోజు ఒక్క గంట కూర్చోమని చేతులు పట్టుకున్నంత పని చేశాను. "సెలవు పెట్టి వస్తానమ్మా" అన్నాడు. ఎందుకో నాకు ఛీ అనిపించింది, నా మీద నాకే.

రాత్రిళ్ళు నిద్రలో మూలలు తిప్పుతున్నానట. మీ అన్నయ్య దుప్పటి లాగేసుకుంటున్నానని గొడవ.

వదిన

23వ తేదీ, సోమవారం, పొద్దున్నే

వదినా! వదినా! చొక్కా విప్పు!

ముందు విప్పి తర్వాత చదువు.

ఇవాళ పనిలో నా రేడియోని నీ వెండి చొక్కాలో పెట్టి, మూత వేసి, నడుముకి తగిలించుకున్నాను. గరగర పోయింది. గరగరతో పాటు మేస్త్రీ కూడా పోయాడు. ఆయన ఆ చివర అరగంట అరిచి అరిచి, చివరికి నడిచొచ్చి నా నెత్తి మీద నిలబడ్డాడు. "చెవుడా?" అన్నాడు. రేడియో బయటికి తీశాను, పలికింది. లోపల పెట్టాను, చచ్చింది. తీశాను, పెట్టాను, తీశాను. అప్పుడు వెలిగింది వదినా, నా బుర్రలో, నాలుగు లైట్లూ!

మామూలు గుడ్డ అనుకున్నానే! ఆ వెండిరంగు రంగు కాదు, అది లోహం పూత. కింద ఇనప్పెట్టె, చుట్టూ లోహం. రూటరుని భోషాణంలో పెట్టి తాళం వేసినట్టే. తీగలోంచి బాగానే వస్తోంది, అందుకే లైట్లు పచ్చగా ఉన్నాయి. పెట్టెలోంచి గదిలోకే రాలేకపోతోంది. ఆయన వచ్చినప్పుడల్లా విప్పేశావు, వెళ్ళగానే తొడిగావు. నువ్వు ప్రతి ఉత్తరంలోనూ రాశావు. నేను ప్రతి ఉత్తరంలోనూ నవ్వాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికించాను నీ చేత.

సరుకుల లారీ రేపు గానీ రాదు, తిరిగి వెళ్ళేది ఎల్లుండి. నీళ్ళ ట్యాంకరాయన ఇప్పుడే బయల్దేరుతున్నాడు. బస్‌స్టాండులో అన్నయ్యకి ఇమ్మని కాళ్ళావేళ్ళా పడ్డాను.

దేవుడా, రేపు పదకొండు లోపు అందాలి.

చిట్టి

24వ తేదీ, మంగళవారం, సాయంత్రం

ఒసేయ్ చిట్టీ!

నీ ఉత్తరం ఎప్పుడందిందో తెలుసా? ఇప్పుడు. ఎక్కణ్ణుంచో తెలుసా? మీ అన్నయ్య టికెట్ల సంచీలోంచి. నిన్న రాత్రే ఇచ్చాడట ట్యాంకరాయన. "చిల్లర కింద పడిపోయిందే" అని తల గోక్కుంటున్నారు. ఆయన సంగతి తర్వాత చెప్తాను, ముందు క్లాసు సంగతి విను.

పది గంటలకి నిచ్చెనాయన వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, నిచ్చెన లేకుండా వచ్చాడు. ఎప్పటిలాగే అప్పటికే పిల్ల చొక్కా విప్పేసి ఉంచాను. అంతా చూసి, "పరవాలేదమ్మా" అని ముందు గదిలో కూర్చున్నాడు. సంచి ఒళ్ళో పెట్టుకోమన్నాను. ఎందుకో అడగలేదు, పెట్టుకున్నాడు.

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా ట్యాబు పెట్టి చూసుకుంటే, నా వెనక తలుపులోంచి నడవ, ఇనప్పెట్టె, దాని మీద రూటరు అన్నీ కనపడుతున్నాయి. ముప్ఫై మంది చూస్తారు కదే! బట్టల్లేకుండా ఎలా ఉంచను? గబగబా తొడిగేసి వచ్చాను.

మొదలైంది. ముప్ఫై మొహాలు చిన్న చిన్న గళ్ళలో, గుండీల పెట్టె తెరిచినట్టు. నమస్కారం అన్నాను. వాళ్ళు నమస్కారం అంటూ సగంలో ఆగిపోయారు. ప్రిన్సిపాల్ గారు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. చక్రం! కాసేపు మాట వస్తుంది, కాసేపు పోతుంది. నిచ్చెనాయనా అని అరిచాను. నిజం పేరు తెలిస్తే కదా పిలవడానికి! ఆ మధ్యలో ఎవరిదో గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది, "మూల... కనపడ... పెద్దది చూపించండి" అని.

ఏడుపు తన్నుకొచ్చింది కానీ, మూల అడిగారు కదా, పాఠం పాఠమే. చేతిలో గలీబు చిన్నది. ఇంట్లో పెద్ద మూలలు, దగ్గర్లో, నేను కుట్టినవి ఏమున్నాయి? నడవలోకి ఒక్క దూకు దూకి, పిల్ల చొక్కా ఒడిసి లాక్కొచ్చి ట్యాబు ముందు పెట్టాను. "ఇదీ మూలంటే!" అని అరిచాను.

ముప్ఫై మందీ ఒక్కసారి కదిలారు చిట్టీ! కడిగిన అద్దంలా వచ్చింది బొమ్మ. ఒకమ్మాయి, "అబ్బ, ఎంత బాగా తిరిగింది!" అంది. నేను నిలువునా కొయ్యబారిపోయాను.

ఈలోపు నిచ్చెనాయన నడవలోకి వచ్చి నిలబడ్డాడు. ఒకసారి రూటరుని చూశాడు, ఒకసారి నా చేతిలో దాన్ని చూశాడు. వచ్చి వేలితో గుడ్డ తడిమాడు. "అమ్మా, ఇది దీనికి ఎప్పట్నుంచి తొడుగుతున్నారు?" అన్నాడు, చాలా మెల్లిగా. చెప్పాను. ఆయన అది తీసుకుని రూటరుకి తొడిగాడు, ముప్ఫై మందీ ఆగారు. విప్పాడు, కదిలారు. తొడిగాడు, విప్పాడు. ప్రిన్సిపాల్ గారితో సహా అందరూ పగలబడి నవ్వుతున్నారు. నేనూ నవ్వాను, కళ్ళ నీళ్ళతో. ఆ తర్వాత యాభై నిమిషాలు ఒక్క మాట తెగలేదు. ఆ చొక్కా మీదే కాలరు చెప్పాను, కాజా చెప్పాను, చేతి గుంట చెప్పాను. చివర్లో ప్రిన్సిపాల్ గారు, "ఒకటో తేదీ నుంచి మొదలుపెట్టండి" అన్నారు.

వచ్చేసిందే! ఉద్యోగం వచ్చేసిందే!

కానీ చిట్టీ, ఒక ముల్లు. వెళ్ళేటప్పుడు ఆయనకి చెప్పులు అందిస్తూ (అవును, దాచాను) క్షమించండి అందామనుకున్నాను. నోరు రాలేదు. ఈ ఇంట్లో తప్పు నాది అన్న మాట నా నోట ఎవరూ వినలేదని నువ్వే వెక్కిరిస్తావు కదా. ఆయనే అన్నాడు, "మీ ఫిర్యాదు మీద ముప్ఫయ్యో తేదీలోగా సంజాయిషీ ఇమ్మన్నారమ్మా. ఏం రాయాలో ఇవాళ తెలిసింది, పరవాలేదు" అని. నవ్వుతూనే అన్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అది మొదటి ఫిర్యాదట.

సంతోషంలో కూడా అన్నం సయించని
వదిన

27వ తేదీ, శుక్రవారం

వదినా,

నీ ఉత్తరం మా మేస్త్రీకి పైకి చదివి వినిపించాను. "ఇదీ మూలంటే" దగ్గర ఆయన లేచి నిలబడ్డాడు. మనం గెలిచాం!

కానీ ఆ చివరి పేరా నేను పైకి చదవలేదు. "మీ మనిషికి పని రాదు" అన్నది నా ముక్క. నేనూ స్తంభాలెక్కేదాన్నే. అలాంటి వాక్యం నా మీద ఎవరైనా రాస్తే నేను మూడు రోజులు లేవను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నాకు తెలియనిదాన్ని ఆయన చేతకానితనం చేశాను. నేను ఇక్కణ్ణుంచి రాలేను. నువ్వు సోమవారం వెళ్ళు వదినా. ఆయన సంజాయిషీ ఇవ్వకముందే నువ్వు వెళ్ళు. ఒక్క మాటే కదా. కష్టంగా ఉంటే నా పేరు వాడుకో, నేనే రాశానని చెప్పు.

సిగ్గుతో
చిట్టి

30వ తేదీ, సోమవారం

చిట్టీ,

వెళ్ళాను. ఆఫీసు తలుపు తెరవకముందే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

అదే బల్ల, అదే గుమాస్తా. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంటే, ఆవిడ అనుమానంగా చూసింది. "మా వాళ్ళెవరైనా మీ ఇంటికొచ్చి బెదిరించారా?" అంది. లేదండీ అన్నాను. "మరి ఎందుకు?" అంది. నీ పేరు నాలుక చివరి దాకా వచ్చింది చిట్టీ, కావాలంటే వాడుకోమన్నావు కదా. వాడుకోలేదు. చొక్కా కుట్టింది నేను. "తప్పు నాదండీ" అన్నాను. అందరూ వినేలాగే అన్నాను. ఏమీ కాలేదు, పైకప్పు కూలలేదు.

అయితే రాసివ్వమని ఫారం ఇచ్చింది. కారణం అన్నచోట ఇలా రాశాను: "రూటరుకి ఇస్త్రీ బల్ల గుడ్డతో చొక్కా కుట్టి తొడిగాను. మీ మనిషి మూడుసార్లు వచ్చి మూడుసార్లూ సరిగ్గానే పని చేశారు. ఆయన వెళ్ళగానే నేను చెడగొట్టాను. ఆయనకి పని వచ్చు, చెయ్యాలనీ ఉంది." ఆ చివరి వాక్యం నీకోసం.

ఆయన పేరు రాయాల్సిన గడి దగ్గర, సంజాయిషీ కాగితంతో అప్పుడే వచ్చిన ఆయన్నే అడిగి తెలుసుకున్నాను. మంచి పేరు. ఇకనుంచి ఆ పేరుతోనే పిలుస్తాను. వాళ్ళావిడ ఒకటో తేదీ నుంచి మా క్లాసులో చేరుతుందట. ఆయనకో చొక్కా కుట్టిపెడతానన్నాను. "మామూలు గుడ్డే కదమ్మా?" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఫారంలో పేరు రాశాను, వీధి రాశాను. తర్వాత గడి వృత్తి. మళ్ళీ కలం ఆగింది. ఈసారి వెనక ఎవరూ దగ్గలేదు. నాలుగేళ్ళ పిల్లలా అక్షరం అక్షరం కూడబలుక్కుని రాశాను.

గుమాస్తా ఫారం తీసుకుని పైనుంచి చదవడం మొదలుపెట్టింది. చొక్కా దగ్గర పకపకా నవ్వింది. కిందికి వచ్చి, ఆ గడి దగ్గర ఆగి, నవ్వు ఆపేసింది. నేను అంతసేపూ నిలబడే ఉన్నాను. ఆవిడ లేచి, తన పక్కనున్న కుర్చీ లాగి నావైపు జరిపింది.

"ముద్ర వెయ్యడానికి రెండు నిమిషాలు పడుతుంది. కూర్చోండి టీచరుగారూ."

కూర్చున్నాను చిట్టీ. రెండు నిమిషాలు కాదు, పావుగంట కూర్చున్నాను.

ఇట్లు,
నీ వదిన,
కుట్టు టీచరు